చిప్పు తప్పుకు నేతగాని కూలిలో కోతా?

మన సంఘములలో కొన్నిచోట్ల జకార్డు మగ్గములకు పాత ఎలక్ట్రానిక్ పెట్టెలు ఇంకను నడుచుచున్నవి. క్రొత్త పెట్టెలు పెన్‌డ్రైవు నుండి డిజైను తీసుకొనును. పాతవాటికి మాత్రము డిజైనును ఈప్రామ్ అను చిప్పులో వ్రాసి బిగించవలెను. ఆ వ్రాతలో తప్పు వచ్చినప్పుడు ఏమి చేయవలెను, దాని నష్టమును ఎవరు భరించవలెను అను రెండు సంగతులపై నా అభిప్రాయమును సోదర సోదరీమణుల ముందుంచుచున్నాను. నేను ఇంజనీరును కాను. మెట్రిక్యులేషను చదివి సంఘము లెక్కలు వ్రాయువాడను. ఆ తప్పు స్వయముగా చేసినవాడను గనుక చెప్పుచున్నాను.

పెండ్లి ముహూర్తముల ముందు మామిడిపిందె బుటాల డిజైనొకటి చిప్పులో వ్రాయుచుండగా, ప్రోగ్రామరు తప్పు చూపి మధ్యలో ఆగినది. మరల నొక్కినను అదే మాట. ఆర్డరు ఇచ్చినవారు తొందరపెట్టుచున్నారు. సరిచూచు పనిని మాన్పించి, మిగిలినదంతయు వ్రాయించి, చిప్పును పెట్టెలో బిగించినాను. మూడవ బుటా దిగగానే నేయుచున్న ఆమె నన్ను పిలిచి, "అన్నా, పిందె ప్రక్కన రెండు కొక్కేలు అక్కరలేకుండా లేస్తున్నాయి, ఒకసారి చూడరాదా?" అన్నది. "మిషను తప్పు చెయ్యదమ్మా, నీ దారాలు చూసుకో" అన్నాను. నాలుగు చీరలు దిగినవి. నాలుగింటిలోను ప్రతి బుటాకు అదే మచ్చ. కొన్నవారు త్రిప్పి పంపినారు. కమిటీలో ఆమె కూలి కోయవలెనని మాట వచ్చినది.

అసలు జరిగినదేమి? మనకు తెలిసిన అట్టలతోనే చెప్పెదను. ఫ్రాన్సు దేశములో జకార్డు 1804లో రూపొందించిన యంత్రము నాటినుండి అట్టలో బెజ్జమున్నచో కొక్కెము లేచును, లేనిచో లేవదు. ఈప్రామ్ కూడ అట్టి అట్టయే. దీనిని 1971లో ఇంటెల్ సంస్థలో డోవ్ ఫ్రోమాన్ కనిపెట్టినాడు. చెరిపిన చిప్పులో అంతయు 1. వ్రాయుట యనగా కావలసినచోట 1ని 0 చేయుట. అదే బెజ్జము కొట్టుట. మా పెట్టెలో 0 ఉన్నచోట కొక్కెము లేచును. 240 కొక్కెముల జకార్డుకు ఒక్కొక్క పేకకు 30 బైట్లు పట్టును. 27సి256 అను చిప్పులో 32,768 బైట్లు గలవు గనుక 1,092 పేకలు అందులో ఇమిడిపోవును.

కొట్టిన బెజ్జమును అట్టలో మరల పూడ్చలేము గదా! అట్లే 0ను తిరిగి 1 చేయుట ప్రోగ్రామరు వలన కాదు. చిప్పు నడుమనున్న గాజు కిటికీ గుండా అతినీలలోహిత కాంతి పడి, చిప్పు అంతయు ఒక్కసారిగా చెరగవలసినదే. మా చిప్పులో అంతకుముందు హంసల డిజైను ఉండెను. దానిని సగము చెరిపి ఊరకున్నాము. హంస రెక్కలోని రెండు బెజ్జములు పిందె ప్రక్కన మిగిలిపోయినవి. ఆమె దారములలో ఏ లోపమును లేదు.

కాబట్టి తప్పు చూపగానే చిప్పును పారవేయక, మొదట అది ఏ జాతి తప్పో చూడవలెను. 1 ఉండవలసినచోట 0 కనిపించినచో అక్కరలేని బెజ్జమున్నదన్నమాట. చిప్పు సరిగా చెరగలేదు. 0 ఉండవలసినచోట 1 కనిపించినచో బెజ్జము తెగలేదన్నమాట. వోల్టేజి చాలలేదు, లేదా కాలు అంటలేదు. ఒకే బిట్టు అన్నిచోట్లను తప్పినచో ఆ బిట్టుకు సంబంధించిన కాలు వంగియో త్రుప్పు పట్టియో ఉండును. మొదటి బైటులోనే ఆగినచో చిప్పు రకము తప్పుగా ఎంచుకొన్నామా, తలక్రిందులుగా పెట్టినామా అని చూడవలెను.

చెరుపుటకు 253.7 నానోమీటర్ల కాంతినిచ్చు దీపము కావలెను. మంచి దీపము క్రింద, ఒక అంగుళము దూరములో, పదిహేను ఇరువది నిమిషములు చాలును. దీపము పాతబడినచో ఎక్కువసేపు పట్టును. కిటికీపై జిగురు మరకలున్నచో ముందు తుడువవలెను. ఆ వెలుగును కంటితో చూడరాదు. వ్రాసిన పిమ్మట కిటికీపై నల్లకాగితము అంటించవలెను. ఎండ సూటిగా తగిలినచో వారము రోజులలోనే వ్రాత చెరగిపోవచ్చును. కిటికీ లేని ప్లాస్టిక్ చిప్పులు ఒక్కసారికే పనికివచ్చును, వాటిని చెరపలేము.

వోల్టేజి సంగతి మరింత జాగ్రత్త. ఇంటెల్ వారి 2716కు 25 వోల్టులు, 2764కు 21, 2764ఏకు 12.5. చివర ఒక్క అక్షరము తేడా, కాని 12.5 చిప్పుకు 21 ఇచ్చినచో అది కాలిపోవును. వ్రాత పడలేదని వోల్టేజి పెంచి చూచుట ఎన్నటికిని తగదు. నేడు బజారులో దొరకునవి ఎక్కువగా పాత నిల్వలు, విప్పిన యంత్రములలోనివి. పైనున్న పేరు చెరిపి వేరొక పేరు ముద్రించినవియు వచ్చుచున్నవి. కొనగానే ఖాళీగా ఉన్నదో లేదో చూచి, ఒకసారి వ్రాసి, సరిచూచియే డబ్బు చెల్లించుట మంచిది.

పట్నములోని రిపేరుదారు ఒకరు మాకు ప్రతిసారి "చిప్పు పోయింది" అని చెప్పి క్రొత్తది అమ్ముచుండెను. ఆయన పోయినవన్న పదకొండు చిప్పులు డబ్బాలో పడియుండగా, మేమే ఒక దీపము కొని చెరిపి చూచినాము. ఏడు బాగుగా వ్రాసినవి.

పాత పెట్టెలు మాని క్రొత్తవి కొనుడని కొందరందురు. శక్తి గల సంఘములు తప్పక కొనవలసినదే. కాని పెన్‌డ్రైవులో ఎక్కించిన డిజైనైనను సరిచూడకున్నచో ఇదే గతి. పెట్టె మారినంత మాత్రమున అలవాటు మారదు.

అందుచేత నా అభిప్రాయము ఇది. ఇట్టి పెట్టెలున్న ప్రతి సంఘమును దీపము, ప్రోగ్రామరు తానే ఉంచుకొని, మన ఇండ్లలోని ఇద్దరు పిల్లలకు, ఆడపిల్లలైనను సరే, ఈ పని నేర్పించవలెను. డిజైను ఫైలు సంఘములోనే రెండుచోట్ల దాచవలెను. రిపేరుదారు చేతిలో మాత్రమే ఉండరాదు. సరిచూడని చిప్పు మగ్గమెక్కరాదు. ఎవరు చెరిపినారో, ఎవరు వ్రాసినారో, సరిచూచినప్పుడు ఏమి వచ్చినదో పుస్తకములో వ్రాసి సంతకము పెట్టవలెను. మగ్గము మీదనున్నవారు తప్పు చెప్పినచో వెంటనే మగ్గము ఆపి చూడవలెను, ఆపిన గంటలకు కూలి ఇవ్వవలెను. కూలి పోవునన్న భయమున్నచో తప్పు కనబడినను ఎవరు నోరు విప్పుదురు?

మా కమిటీలో తప్పు నాదని ఒప్పుకొన్నాను. ఆమెకు నాలుగు చీరల కూలి పూర్తిగా ఇచ్చినాము. నష్టములో సగము నేను కట్టినాను, సగము సంఘము భరించినది. తప్పును మొదట యంత్రము చూపినది, తరువాత ఆమె చూపినది. రెండుసార్లును వినకపోయినవాడను నేనే. మిగిలిన కార్యదర్శులైనను మొదటిసారికే వినవలెనని నా మనవి.