ఓడలు బళ్లెక్కిన దారి

కొత్త కారు కొంటే ఏం చేస్తాం? నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, నడుపుకుంటూ ఇంటికొచ్చేస్తాం. మరి మోటారు పడవ కొంటే? అమ్మినవాడిది ఒక ఊరు, కొన్నవాడి ఇల్లు వెయ్యి కిలోమీటర్ల అవతల. రెండూ సముద్రం ఒడ్డునే ఉన్నాయి కదా, సముద్రం మీదుగా తెచ్చుకుంటే సరిపోదా అంటారేమో! కొత్త పడవ, చేయి తిరగని యజమాని, తెలియని సముద్రం... ఈ మూడూ ఒకేసారి కలవడం అంత మంచిది కాదు.

ఈ చిక్కు తప్పించే దారి ఒకటి అమెరికా తూర్పు తీరంలో ఉంది. పేరు ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. వర్జీనియాలోని నార్ఫోక్ దగ్గర సున్నా మైలుతో మొదలై ఫ్లోరిడాలోని మయామీ దాకా సుమారు 1,750 కిలోమీటర్లు సాగుతుంది. నదుల్ని, ఉప్పునీటి సరస్సుల్ని, తవ్విన కాలువల్ని ఒకదానికొకటి కలిపి కుట్టిన నీటిదారి అది. చాలాచోట్ల సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా మధ్యలో ఇసుక దీవులు అడ్డంగా నిలబడి అలల్ని ఆపుతాయి. నార్త్ కరోలినాలో హటెరస్ అగ్రం దగ్గరి సముద్రానికి ‘అట్లాంటిక్ శ్మశానం’ అని పేరు. అన్ని ఓడలు మునిగాయి అక్కడ! లోపలి దారిన వచ్చేవాడికి ఆ అగ్రాన్ని చుట్టాల్సిన అవసరమే లేదు.

అలాగని కళ్లు మూసుకుని నడిపేయొచ్చా? కుదరదు. కొత్త పడవ అంటే కొన్నవాడికి కొత్తేగానీ, చాలామంది కొనేది ఒకరు వాడినదే. ఏళ్ల తరబడి కదలని పడవ అయితే డీజిల్ ట్యాంకు అడుగున మడ్డి పేరుకుని ఉంటుంది. పడవ ఊగగానే అది లేచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది, ఇంజను ఆగుతుంది. అందుకే తెలిసినవాళ్లు విడి ఫిల్టర్లు వెంట పెట్టుకుంటారు. రోజూ పొద్దున్నే ఆయిలు, బెల్టు, పడవ అడుగున చేరిన నీరు చూస్తారు. ఇంజను తిప్పాక దాన్ని చల్లబరిచే నీళ్లు బయటికి చిమ్ముతున్నాయో లేదో చూసిగానీ తాడు విప్పరు.

దారి పొడవునా గుర్తులుంటాయి. దక్షిణానికి పోయేవాడు పసుపు త్రికోణాన్ని కుడివైపు, పసుపు చతురస్రాన్ని ఎడమవైపు ఉంచుకుంటూ పోవాలి. ఎత్తు తక్కువ వంతెన ఎదురైతే రేడియోలో వంతెన మనిషిని పిలిచి తెరవమని అడగాలి. ఆ వైపు ఉంటున్న మీ అబ్బాయో, అల్లుడో ఎప్పుడో ఒకసారి కారు ఆపుకుని, పడవ దాటేదాకా వంతెన ముందు కాచుకునే ఉంటాడు! ఇక పోటుపాట్ల సంగతి. నీరు పెరిగే పోటు వేళ పడవ ఇసుక మేటకు తగిలితే కాసేపటికి ఆ నీరే లేపుతుంది. తీసే పాటు వేళ తగిలితే గంటలకొద్దీ అక్కడే పడిగాపులు. ఇన్ని జాగ్రత్తలతో ఇంటికి చేరేసరికి యజమానికి తన పడవ ఏమిటో తెలిసిపోతుంది.

ఆ దారిలో ఉత్తరాన డిస్మల్ స్వాంప్ కాలువ ఉంది. అది పడవలకు తెరుచుకున్నది 1805లో. ఇప్పుడు మన సంగతి వినండి. సరిగ్గా మరుసటి ఏడు, 1806లో, మద్రాసు నుంచి ఎన్నూరుకు ఉప్పునీటి కాలువ వచ్చింది. అది ఉత్తరానికి పెరుగుతూ పెరుగుతూ మన పెదగంజాం దాకా వచ్చింది. 1876-78 కరవులో కూలీలు మద్రాసు నగరంలో తవ్విన ముక్కతో ఉత్తర, దక్షిణ కాలువలు కలిశాయి. అప్పటి గవర్నరు పేరు మీద అదే బకింగ్‌హాం కాలువ అయింది.

పెదగంజాం దగ్గర దానికి కొమ్మమూరు కాలువ కలుస్తుంది. అది విజయవాడకు చేరుస్తుంది. అక్కడి నుంచి ఏలూరు కాలువలో ధవళేశ్వరం, ఆపైన కాకినాడ కాలువ. అంటే కాకినాడలో తాడు విప్పిన పడవ సముద్రం ముఖం చూడకుండా మద్రాసులో లంగరు వేసేది! బియ్యం, ఉప్పు, వంటచెరకు ఆ దారినే వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు. ‘లాకుల దగ్గర’ అని మన ఊళ్లలో ఇప్పటికీ గుర్తు చెప్పేది ఆ పడవలను ఎక్కించి దించిన లాకులనే.

తర్వాత రైలు, లారీ వచ్చాయి. 1965-66 తుపాన్లు కాలువను దెబ్బతీశాయి. పూడిక పేరుకుంది, చెన్నైలో రైలు స్తంభాలు కాలువలోనే దిగాయి. 2008లో ఈ దారిని జాతీయ జలమార్గం-4గా ప్రకటించారు. కానీ కాకినాడ నుంచి చెన్నై దాకా కాలువ వెంట ఏకధాటిగా పడవ నడిపే వీలు ఇప్పటికీ లేదు.

అందుకే కాకినాడ వైపు కొత్త ఫైబర్ పడవ కొన్న దక్షిణాది మత్స్యకారుడికి మిగిలినవి రెండే దారులు. ఒకటి సముద్రం. గోదావరి, కృష్ణల మొగల దగ్గర ఇసుక మేటల మీద అలలు విరుగుతుంటాయి, అక్టోబరు వస్తే తుపాన్ల భయం. రెండోది లారీ. ఓడలు బళ్లవుతాయని పెద్దలు ఊరికే అనలేదు!

ఇసుక మేట అమెరికాలోనూ వేస్తుంది. అక్కడి నీటిదారీ ఏటా ఎక్కడో ఒకచోట పూడుతూనే ఉంటుంది. తేడా ఒక్కటే. అక్కడ సైన్యపు ఇంజినీర్ల విభాగం ఆ పూడికను తీయిస్తూ ఉంటుంది. కాలువ తవ్వడం ఒక్కసారి చేసే పని, పూడిక తీయడం ఏటేటా చేసే పని. మొదటిదానికి శిలాఫలకం ఉంటుంది, రెండోదానికి ఉండదు. మనకు లోటు వచ్చింది ఆ రెండోదాని దగ్గరే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పూడిపోయిన ఈ కాలువే చాలాచోట్ల పోటెత్తిన నీటిని తనలో పట్టుకుని వెనకున్న ఊళ్లను కాచింది. అలాంటి కాలువకు పూడిక తీయడం మత్స్యకారుడి పడవ కోసమే కాదు, ఆ ఊళ్ల కోసం కూడా.