గీత ఎవరిదో వాళ్ల ఫైల్లోనే ఉండాలి

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో ఒక రొయ్యల గుంటకు ప్లాను గీయాలంటే నాకు ముందుగా నాలుగు రకాల గీతలు కావాలి. సర్వే శాఖ కొలిచిన పొలం హద్దు. ఇరిగేషన్ వాళ్ల పంటకాలువ, మురుగుకాలువ. కరెంటు స్తంభాలు, తీగలు. సముద్రం వైపు పోటు నీళ్లు చేరే హద్దు, అంటే హైటైడ్ లైను. ఈ నాలుగింట్లో ఒక్కటీ నాది కాదు. వాటి నడుమ పట్టే గుంట, దాని కట్టలు, మోటారు షెడ్డు, వాడిన నీళ్లు నిలబెట్టే చెరువు, ఇవే నేను గీసేవి. కానీ మా పక్క చేతులు మారే డ్రాయింగులు చూడండి. ఆ నాలుగు గీతల్నీ ఎవరికి వాళ్లు కాపీ చేసుకుని సొంతం చేసుకున్నవే ఎక్కువ. ఈ అలవాటు పోవాలి. దాన్ని పోగొట్టగలిగింది ప్రభుత్వ కార్యాలయాలేనని నా గట్టి నమ్మకం.

దీనికి ఉపాయం మేం ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో 1990లోనే వచ్చింది. పదకొండో రిలీజులో పెట్టిన ఎక్స్‌టర్నల్ రిఫరెన్సు అది. పనిచేసేవాళ్లం ఎక్స్‌రెఫ్ అంటాం. ఇంకొకరి డ్రాయింగును నాదాంట్లో కలిపేసుకోను, లంకె వేస్తానంతే. తెర మీద కనబడుతుంది, దాని మూలలు పట్టుకుని కొలవొచ్చు, ప్రింటులోనూ వస్తుంది. గీతలు మాత్రం అసలు ఫైల్లోనే ఉంటాయి. అక్కడ సర్వేయరు హద్దు సరిచేసి సేవ్ చేస్తే, నేను రీలోడ్ కొట్టగానే నా ప్లానులోనూ సరవుతుంది. పూర్వం ఊరి పటం మీద ట్రేసింగు కాగితం పరిచి చేసిన పనే ఇది. కాకపోతే కింది పటం మారిన సంగతి పైన కాగితానికి తెలిసేది కాదు.

ఇప్పుడు మా కింది పటమే మారుతోంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహాల సాయంతో స్థానం కొలిచే రోవర్లు వచ్చాయి. పాత ఎఫ్ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో, ఏ పొలానికి ఆ పొలమే ఒక లోకం. కొలతకు ఆధారమైన దాని జీ-లైను, ఆ లైను నుంచి పక్కలకు కొలిచిన ఆఫ్‌సెట్లు. పక్క పొలం కాగితంతో కలిపి చూస్తే గెనిమ దగ్గర పొసగనివి ఎన్నో. కొత్త పటంలో ప్రతి మూలకూ భూమ్మీద దాని స్థానం లెక్క ఉంటుంది. భూమిని జోన్లుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో మా ఊరు 44వ జోనులోది. ఇక్కడ భూమధ్యరేఖ నుంచి ఉత్తరపు కొలత దాదాపు 16 లక్షల మీటర్లు. అంత పెద్ద అంకెలు చూసి విసుగొచ్చి, పని సులువవుతుందని డ్రాయింగును సున్నా దగ్గరికి లాక్కునేవాళ్లు ఉన్నారు. లాక్కున్న మరుక్షణం ఆ పొలం ఎక్కడిదో చెప్పేది ఏమీ మిగలదు. ఎవరూ కదపకుండా ఉంటే కాలువ ఫైలు, కరెంటు ఫైలు, హద్దుల ఫైలు మూడూ సున్నా-సున్నా దగ్గర ఎక్స్‌రెఫ్ పెట్టగానే వాటంతట అవే తమ తమ చోట్లలో కూర్చుంటాయి. ఒకటి మీటర్లలో, ఒకటి మిల్లీమీటర్లలో ఉంటే వెయ్యి రెట్ల తేడా వస్తుంది. యూనిట్లు ఫైల్లోనే సరిగా రాసి ఉండాలి.

సముద్రం వైపు సంగతి ఇంకా సున్నితం. తీర నియంత్రణ నోటిఫికేషను 1991లో వచ్చింది, 2011లో కొత్తది వచ్చింది, 2019లో మరొకటి. రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు పెద్ద తీర్పు 1996 డిసెంబరుది. 2005 నాటి కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం హైటైడ్ లైను నుంచి 200 మీటర్ల లోపు సాగుకు వీల్లేదంది. ఒక్క గీత మీద ఇంతమంది బతుకులు ఆధారపడి ఉన్నప్పుడు, ఆ గీతను వందమంది వంద ఫైళ్లలోకి కాపీ చేసుకోవడం ఏమిటి? కొత్త లైను ఖరారైన రోజున పాతది ఎన్ని డ్రాయింగుల్లో మిగిలిపోయిందో ఎవరు వెతుకుతారు?

"ఎక్స్‌రెఫ్ పెడితే తెగిపోతుందమ్మా, మొత్తం ఒకే ఫైలు చేసివ్వు" అంటారు. తెగడం నిజమే. ఒకసారి ఒక కార్యాలయం నుంచి కాలువ డ్రాయింగు తెప్పించుకుని తెరిస్తే, కాలువ ఉండాల్సిన చోట ఆ ఫైలు ఏ కంప్యూటరులో ఏ ఫోల్డరులో ఉందో చెప్పే ఒక వరస అక్షరాలు మాత్రం కనబడ్డాయి. పక్కన కూర్చున్న రైతు పెద్దాయన "కాలవ యాడమ్మా?" అన్నాడు. ఆ ఫైలు కోసం ఆయన మళ్లీ నెల్లూరు పోయి రావాల్సి వచ్చింది. తప్పు ఎక్స్‌రెఫ్‌ది కాదు. దారిని డ్రైవు పేరుతో సహా పూర్తిగా రాస్తే అది ఆ ఒక్క కంప్యూటరులోనే పనిచేస్తుంది. డ్రాయింగు ఉన్న ఫోల్డరు నుంచి లెక్కేసే రిలేటివ్ పాత్ పెడితే ఫోల్డరు మొత్తం ఎక్కడికి పోయినా లంకె నిలుస్తుంది. 2018 వెర్షను నుంచి ఆటోక్యాడ్ తనంతట తానే ఈ పద్ధతి పాటిస్తోంది. ఈ-ట్రాన్స్‌మిట్ అన్న ఆదేశం ఇస్తే కావలసిన ఫైళ్లన్నీ ఒక మూటగా కట్టి ఇస్తుంది. పంపేవాళ్లకు రెండు నిమిషాల పని, రైతుకు ఒక పూట కూలి మిగులుతుంది.

ఫైలు పేరు మార్చకపోవడం మరీ ముఖ్యం. లంకె వెతికేది పేరునే. ప్రతి సవరణకూ 'కొత్తది', 'ఫైనల్', 'ఫైనల్ రెండు' అని పేరు చివర తగిలిస్తే కింద ఆధారపడ్డవాళ్లందరూ పాతదాన్నే చూస్తూ ఉండిపోతారు. పేరు ఒకటే ఉంచి, సవరణ తేదీ డ్రాయింగు లోపల రాసి, పాత ప్రతిని వేరే ఫోల్డరులో దాచాలి.

అనుమతి ఇచ్చే నాటికి మాత్రం అంతా కలిపి బైండ్ చేసిన ప్రతి ఒకటి భద్రపరచాల్సిందే. సంతకం పడ్డ కాగితం తర్వాత దానంతట అది మారకూడదు కదా. నేను వద్దంటున్నది పని నడుస్తుండగానే బైండ్ చేసి పంచడం.

అందుకే నేను అడుగుతున్నది: సర్వే శాఖ ఒక్కో గ్రామానికి హద్దుల డ్రాయింగు ఒకటి, యజమానుల పేర్లు లేకుండా, చదవడానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా అందరికీ అందుబాటులో ఉంచాలి. ఇరిగేషను, కరెంటు వాళ్లు తమ గీతల ఫైళ్లు అదే కోఆర్డినేట్లలో దాని పక్కనే పెట్టాలి. పాలిటెక్నిక్‌లో సివిల్ పిల్లలకు గీతలు గీయడంతో పాటు ఇంకొకరి డ్రాయింగు మీద ఆధారపడి పనిచేయడం కూడా నేర్పాలి. ముందు మా మండలంలో ఒక్క ఊళ్లో చేసి చూపించినా చాలు. రామతీర్థం లాంటి తీరపు ఊరైతే మంచిది. నాలుగు రకాల గీతలూ అక్కడే ఎదురుపడతాయి.