పని చేయించుకోవడం వేరు, పని మనది కావడం వేరు

"నీ కాళ్ల మీద నువ్వు నిలబడు" అన్న మాట హాస్టల్లో మీరు ఎన్నిసార్లు విన్నారు? "క్రమశిక్షణతో ఉండు" అన్న మాటయితే పొద్దున గంట కొట్టినప్పటి నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా వింటూనే ఉంటారు. ఈ రెండు మాటలూ ఒకటి కావు. ఆ తేడా కళ్లకు కట్టే ఒక బడి జపాన్ కొండల్లో ఉంది. ఒకసారి నాతో అక్కడిదాకా రండి.

జపాన్ ఉత్తరాన యమగత అనే ప్రాంతం. అందులో ఓగుని అని ఒక చిన్న పట్టణం. చుట్టూ ఈదె, అసాహి కొండలు, దట్టమైన అడవి. చలికాలం వస్తే మనిషి ఎత్తు దాటి మంచు పడుతుంది. ఈ కొండ పల్లెల్లో మతగి అనే వేటగాళ్ల సంప్రదాయం ఉంది. ఎలుగుబంటిని వేటాడినా, దాన్ని కొండదేవత ఇచ్చిందనే నమ్మి, ఆమెకు మొక్కుకునే మనుషులు వాళ్లు. మీకిది పరాయి సంగతిలా అనిపించదు కదా?

ఆ పట్టణం దాటి ఇంకా లోపలికి పోతే ఒక బడి కనిపిస్తుంది. పేరు దొకురిత్సు గకుయెన్. దొకురిత్సు అంటే స్వతంత్రం. అక్షరాలా విడదీస్తే ఒంటరిగా నిలబడటం అని. అదొక క్రైస్తవ హైస్కూల్. మన లెక్కలో పదో తరగతి, ఇంటర్ పిల్లల వయసు వాళ్లుంటారు. ఏడాదికి చేర్చుకునేది పాతిక మందిని. మూడేళ్ల వాళ్లనూ కలిపినా మన ఒక ఆశ్రమ పాఠశాలలో సగం మంది కూడా ఉండరు. అందరూ అక్కడే ఉండి చదువుకుంటారు.

వంటింట్లోకి తొంగి చూడండి. వంతుల వారీగా వండుతున్నది పిల్లలే. కొట్టంలో పాలు పితికేదీ, పేడ ఎత్తేదీ వాళ్లే. వరి, కూరగాయలు, కోళ్లు, చలికాలంలో మంచు తోడటం, అన్నిట్లోనూ వాళ్ల చెయ్యి ఉంటుంది. హాస్టల్లో ఎలా బతకాలో వాళ్లే కూర్చుని మాట్లాడుకుంటారు. రోజులో ప్రార్థన ఉంటుంది, చదువు ఉంటుంది, పని ఉంటుంది. పరీక్ష ర్యాంకు కోసం పరుగు మాత్రం లేదు.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు అడ్డు తగులుతారని తెలుసు. "ఇదేం గొప్ప అన్నా? మా హాస్టల్లో కూడా మాతో గదులు ఊడిపిస్తారు, నీళ్లు మోయిస్తారు, చపాతీలు చేయిస్తారు. దాన్ని పేపర్లో వేస్తే వార్త అవుతుంది. జపానోళ్లు చేస్తే ఆదర్శం అవుతుందా?"

న్యాయమైన ప్రశ్న. మన తాతలు వెట్టి చేసిన జాతి. ఆదివాసీ పిల్లాడి చేతికి చీపురు ఇచ్చేటప్పుడు ఆ చరిత్ర గుర్తుండాలి. అందుకే ఆ బడి ఎక్కడి నుంచి పుట్టిందో ముందు తెలుసుకోవాలి.

దాని వెనక ఉన్న ఆలోచన ఉచిమురా కంజో అనే ఆయనది. 1891లో ఆయన టోక్యోలో ఒక పెద్ద ప్రభుత్వ విద్యాలయంలో టీచరు. చక్రవర్తి సంతకంతో వచ్చిన విద్యా శాసనం ముందు అందరూ తల బాగా వంచి మొక్కాలి. ఆయన అలా వంచలేదు. దేశద్రోహి అన్నారు, ఉద్యోగం పోయింది. తర్వాత పత్రికల్లో రాశాడు. అషియో రాగి గని విషంతో వతరసె నది పాడై, రైతుల పొలాలు నాశనమైనప్పుడు వాళ్ల పక్షాన గొంతెత్తాడు. 1903లో రష్యాతో యుద్ధం కావాలని తన పత్రిక మాట మార్చితే, అందులోంచి బయటికొచ్చాడు. గని, నది, పొలం, పోయే ఊరు. ఈ వరస మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎవరూ పట్టించుకోని మారుమూల పల్లెలకు పోవాలన్నది ఉచిమురా కోరిక. ఆయన 1930లో చనిపోయాడు. ఆయన శిష్యుడు సుజుకి సుకెయోషి టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి, అక్కడే పనిచేసినవాడు. ఆ దారి వదిలేసి ఈ మంచుకొండల్లోకి వచ్చి 1934లో బడి మొదలుపెట్టాడు. యుద్ధకాలంలో ప్రభుత్వం ఆయన్ని పట్టుకెళ్లి నెలల తరబడి నిర్బంధించింది. యుద్ధం అయ్యాక, 1948లో ఆ బడికి హైస్కూల్‌గా గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు ఆ వంటింటిని మళ్లీ చూడండి. తల వంచమంటే వంచని మనుషులు పెట్టిన బడి అది. అక్కడ పని పెట్టింది పిల్లల్ని లొంగదీయడానికి కాదు. తన తిండి తాను పండించుకుని వండుకోగలిగినవాణ్ని భయపెట్టడం కష్టం. పదిమందితో కూర్చుని మాట్లాడి నిర్ణయం తీసుకోవడం అలవాటైనవాడు, పైనుంచి వచ్చే ఆర్డరుని "ఎందుకు?" అని అడుగుతాడు.

కాబట్టి మీ హాస్టల్లో పని చెప్తే, మూడు సంగతులు చూడండి. ఒకటి, ఆ పని టీచర్లు కూడా చేస్తున్నారా, మీరేనా? రెండు, మనిషిని పెట్టకుండా డబ్బు మిగుల్చుకోవడానికా, మీరు నేర్చుకోవడానికా? మూడు, పని మీదైనప్పుడు ఆ పని గురించిన నిర్ణయం కూడా మీదేనా? వంట మీతో చేయించి, స్టాకు రిజిస్టర్ మాత్రం మీకు చూపించకపోతే అది స్వతంత్రం కాదు, పాత వెట్టే.

ఇదంతా చెప్పి ఆ బడిని దించుకొచ్చి ఇక్కడ పెట్టమనడం లేదు. అది ప్రైవేటు బడి. తల్లిదండ్రులు, పిల్లలు కోరి ఎంచుకుని వెళ్తారు. మన పిల్లలకు ఆశ్రమ పాఠశాల చాలాసార్లు ఉన్న ఒకే దారి. అక్కడ పాతిక మంది, ఇక్కడ ఒక్కో గదిలోనే అంతమంది. పైగా మన పిల్లలకు సర్కారు ఇవ్వాల్సిన వంటమనిషిని, నర్సుని, టీచరుని "స్వయం ఉపాధి నేర్చుకుంటారులే" అని ఎగ్గొట్టే ప్రమాదం కూడా ఉంది. ఆ తలుపు మనం తెరవకూడదు.

కానీ అడగగలిగినవి ఉన్నాయి. మెస్ కమిటీ కాగితం మీద కాకుండా నిజంగా కూర్చోవాలి. సరుకుల లెక్క పిల్లలు చూడాలి. వారానికోసారి హాస్టల్ సభ జరగాలి. అందులో కోయ, గోండి, కువి, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడొచ్చు. ప్రతి రూలుకీ కారణం చెప్పాలి, కారణం లేని రూలు తీసేయాలి. వీటికి కొత్త జీవో అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అసలే అక్కర్లేదు.

ఇంకో మాట. మన గూడేనికి ఇది కొత్త విద్య కాదు. విత్తనాల పండగ ఎప్పుడు చేయాలో, పోడు ఎక్కడ కొట్టాలో, తగువు ఎలా తీర్చాలో ఊరంతా కూర్చుని తేల్చుకున్నవాళ్లం. ఆరేళ్లకే తమ్ముణ్ని ఎత్తుకుని, పదేళ్లకే అడవిలో దారి పట్టుకున్న పిల్లలం. ఆ పిల్లలే హాస్టల్ గేటు లోపలికి వచ్చాక నీళ్లు తాగడానికి కూడా చెయ్యెత్తి అడుగుతున్నారు. ఆ పిల్లల్ని అలా మార్చిందేంటి?

ఈ ప్రశ్న మీ హాస్టల్లో, ఈ ఆదివారమే, నలుగురు కూర్చుని మాట్లాడండి. మీరు హాస్టల్ దాటి వచ్చేసి ఉంటే, లోపలున్న తమ్ముడికో చెల్లెలికో ఫోన్ చేసి అడగండి: "అక్కడ మీరు ఏం నిర్ణయించగలరు?" వాళ్లు ఏం చెప్పారో ఇక్కడ రాయండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

జోహార్.