ఆరోగ్య ప్రసంగం: జ్వరమూ, నల్లని పొక్కూ

గుడియాత్తం నుండి రాయవేలూరుకు పొద్దున పోయే బస్సు ఎక్కి చూడండి. ఇద్దరు ముగ్గురి ఒడిలోనైనా పెద్దాసుపత్రి కాగితాల సంచి కనబడుతుంది. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒకే ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల అది. క్రైస్తవ వైద్య కళాశాల అన్న పూర్తి పేరు మన ఇండ్లలో ఎవరూ అనరు, పెద్దాసుపత్రి అంటే చాలు.

ఆ ఆసుపత్రి ఘనత చెప్పమంటే మన పెద్దలు శస్త్రచికిత్సలనే ఏకరువు పెడతారు. 1948లో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన చేతివ్రేళ్ళను సరిచేయడం మొదలుపెట్టిన సంగతి, 1961లో గుండె తెరచి చేసిన ఆపరేషను, 1971లో మూత్రపిండం మార్చిన సంగతి అందరికీ తెలుసు. కోతకు ఉన్న పేరు జ్వరానికి లేదు. వార్డులో మంచం ప్రక్కన నిలబడి నాడి చూచి, నాలుక చూచి, రోగిని నాలుగు ప్రశ్నలడిగే మెడిసిన్ శాఖవారిని ఎవరూ అంతగా తలుచుకోరు. ఈ నెల వారు చేసిన పని ఒకటి చెబుతాను. అది మన పల్లెలకు, ముఖ్యంగా మన స్త్రీలకు, బాగా దగ్గర సంబంధం ఉన్న పని.

ముందు మా ఇంటి సంగతి. నాలుగేండ్ల క్రిందట మార్గశిరంలో, గుడియాత్తం దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకు జ్వరం తగిలింది. (జ్వరమని నేను వ్రాస్తున్నాను గాని ఆమె అన్నది ‘కాచ్చలు’ అనే. మూడు తరాలుగా ఇక్కడ ఉండి ఆ మాటను మనం తెలుగు చేసేసుకున్నాము.) తలపోటు, ఒళ్ళునొప్పులు. టైఫాయిడ్ అన్నారు, సూదులు వేశారు. వారం గడిచినా జ్వరం దిగలేదు సరిగదా, ఎనిమిదోనాటికి ఆయాసం పట్టుకున్నది. కారు మాట్లాడుకుని వేలూరుకు తెచ్చాము. అక్కడ ఒక చిన్న వయస్సు లేడీ డాక్టరు మమ్మల్నందరినీ బయటికి పంపి, తెర లాగి, ఆమెను మెడనుండి పాదాలదాకా వెదికింది. ఎడమ రొమ్ము క్రింద ఒక నల్లని పొక్కు దొరికింది.

“ఇది ఎన్నాళ్ళనుండి ఉన్నదమ్మా?”

“రవిక ఒరుసుకున్నదనుకున్నాను తల్లీ. నొప్పి లేదు, దురద లేదు. మగవాళ్ళ ముందు దాన్నేమని చెప్పేది?”

ఆ సాయంత్రమే మందు మార్చారు. మూడోనాటికి జ్వరం విడిచింది.

ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉన్నా దీనికీ టైఫాయిడుకూ చుట్టరికం లేదు. పొదలలో, గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఒకజాతి నల్లి ఉంటుంది. మంచపు నల్లి కాదు, పైరును పట్టే ఎర్రనల్లి వంటిది. దాని పిల్లపురుగు కంటికి ఆనదు. అది కుట్టినచోట సూక్ష్మజీవి లోపలికి పోతుంది. కుట్టిన సంగతి మనకు తెలియనే తెలియదు. పది రోజులు అటూ ఇటూ గడిచాక జ్వరం వస్తుంది. కుట్టినచోట చుట్టతో కాల్చినట్టు నల్లని పెచ్చు, చుట్టూ ఎర్రని అంచు ఏర్పడుతుంది. ఆ సూక్ష్మజీవి మన శరీరకణాల లోపలనే కాపురముంటుంది కనుక పెన్సిలిన్ జాతి మందులు ఎన్ని సూదులు వేసినా దాని జోలికి పోవు. డాక్సీసైక్లిన్ అనే చవక మాత్ర సకాలంలో పడితే చాలామందికి సులువుగా లొంగుతుంది.

వేలూరు వైద్యులు 2003లోనే, ఈ జ్వరం చలికాలపు నెలల్లో విజృంభిస్తున్నదని పత్రికలో వ్రాశారు. తరువాత ఆరువందల పైచిలుకు రోగుల వివరాలు కూర్చి చూస్తే వందకు 9 మంది చనిపోయినట్టు తేలింది. నల్లని పొక్కు ఎక్కడెక్కడ ఉంటుందో 2013లో ప్రత్యేకంగా లెక్క కట్టారు. సుమారు సగంమందికి అది కనబడింది. స్త్రీలకు ఎక్కువగా రొమ్ముమీద, పొట్టమీద. మగవారికి చంకలలో, గజ్జలలో. అంటే, అడిగితే సిగ్గుపడి చూపని చోట్లనే! ఇంత చిన్న లెక్కకు పరిశోధన అన్న పెద్దపేరు ఎందుకని మా మిత్రుడొకరు ఎగతాళి చేశారు. మా మేనత్త బ్రతికినది ఆ చిన్న లెక్కవల్లనే అని నా నమ్మకం.

పెద్ద పనీ లేకపోలేదు. జ్వరం ముదిరి ఊపిరితిత్తులకో, మెదడుకో, మూత్రపిండాలకో ప్రాకినవారికి డాక్సీసైక్లిన్ ఇవ్వాలా, అజిత్రోమైసిన్ ఇవ్వాలా అన్న తగవు చాలాకాలం తెగలేదు. డాక్టర్ జార్జి వర్గీస్ నాయకత్వాన మనదేశంలోని ఏడు ఆసుపత్రులు కలిసి సుమారు 800 మంది రోగులకు కొందరికి ఇది, కొందరికి అది, కొందరికి రెండూ కలిపి నరంద్వారా ఏడు రోజులు ఇచ్చి చూశాయి. ఫలితం 2023లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మరణమో, వారం గడిచినా తగ్గని ఉపద్రవమో, అయిదోనాటికీ విడవని జ్వరమో కలిగినవారు ఒక్క మందు తీసుకున్నవారిలో వందకు 47, 48 మంది ఉంటే, రెండూ కలిపి తీసుకున్నవారిలో 33 మందే. రెండు మందులూ సూక్ష్మజీవి మాంసకృత్తులు తయారుచేసుకునే యంత్రాన్ని చెరొకచోట అడ్డుకుంటాయి. అయితే మరణాల సంఖ్య ఒక్కటే విడదీసి చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ మాటా వారే వ్రాశారు.

2025లో మరొక సంగతి అచ్చయింది. తమిళనాడులో 37 పల్లెలలో సుమారు 32 వేలమందిని ఇంటింటికి పదేపదే వెళ్ళి పరిశీలిస్తే, ఏడాదిలో వందకు పదిమందిదాకా ఈ సూక్ష్మజీవి సోకుతున్నదట. అందరికీ జ్వరం రాదు, కొద్దిమందికే వస్తుంది. కాని ఇది ఎక్కడో అడవిలో వచ్చే రోగమని మాత్రం ఇక అనుకోవడానికి లేదు. మన పెరటిలోని కట్టెలమోపు చాలు.

కనుక ఐప్పసి వానలు మొదలు మాసి దాకా, జ్వరం అయిదు రోజులు దాటితే, ఇంటిలోని స్త్రీలే ఒకరినొకరు దీపం పెట్టుకుని చూసుకోవాలి: రొమ్ము క్రింద, చీర కుచ్చెళ్ళు దోపే చోట, చెవి వెనుక, చంకలలో. వైద్యుడు అడగకపోయినా “గడ్డి కోసినాను, పొలానికి పోయినాను” అని మీరే చెప్పండి. పొక్కు లేనంతమాత్రాన రోగం లేదని కాదు. రక్తపరీక్ష కూడా మొదటి రోజులలో తప్పిపోవచ్చు. గర్భిణులకు వేరే మందు ఉన్నది కనుక గర్భం సంగతి దాచరాదు. పొలంనుండి రాగానే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చండి. ఉతికిన బట్టలు పొదలమీద ఆరవేయకుండా తాడుమీద వేయండి.

ఈ సంగతి చెప్పినప్పుడు గుడియాత్తం సోదరి ఒకరు, రోగిదగ్గర పసిబిడ్డను పడుకోబెట్టవచ్చునా అని అడిగారు. పడుకోబెట్టవచ్చును, ఇది మనిషినుండి మనిషికి అంటదు. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రాదా అని కూడా అడిగారు. వస్తుంది. టీకా ఇంకా లేదు.