పండ్ల సైడర్ పోటీలో నిలిస్తే ఔషధమగునా?

సైడర్ అనగానే మన ఇళ్లలో చాలామందికి వంటింటి అలమరలోని వెనిగర్ సీసా గుర్తుకు వస్తుంది. అమెరికాలో ఆ మాటకు వడకట్టని ఆపిల్ రసమని అర్థం. అది పులిసి మద్యమైతే హార్డ్ సైడర్ అంటారు. ఇంట్లో చేసిన ఈ సైడర్‌ను పోటీలకు పంపే ఆచారం అక్కడ ఉన్నది. ఆ దేశంలో స్థిరపడిన మా మేనల్లుడు తన సీసాలను పంపదలచి, "మామయ్యా, ఇది మన ద్రాక్షారిష్టం వంటిదే కదా?" అని వ్రాశాడు. ఈ సందేహం అతనొక్కడిది కాదు గనుక నా అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాను.

పోలిక కొంతవరకు నిజమే. చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో 84 ఆసవాలను పేర్కొని, వాటిలో 26 పండ్ల నుండి పుట్టేవని లెక్కించారు. అరిష్టానికి ద్రవ్యాలను కషాయంగా కాచాలి, ఆసవానికి కాచనక్కరలేదు. కనుక సైడర్ ఆసవానికే దగ్గర. మనవారు ధాతకీ పుష్పాలు వేసి కుండ మూతి బిగిస్తారు. వారు ఈస్టు కలిపి, లోపలి వాయువు వెలుపలికి పోయే గొట్టం అమరుస్తారు. వెలిగించిన అగ్గిపుల్ల కుండలో ఆరిపోతే ఇంకా పులుస్తున్నదని, వెలుగుతూ ఉంటే పూర్తయినదని మన వైద్యుల పరీక్ష. వారు హైడ్రామీటరు ముంచి చూస్తారు: 1.050 వద్ద మొదలైన రసం 1.000కు దిగితే ఆల్కహాలు సుమారు ఆరున్నర శాతం. చక్కెర మిగిలి ఉండగా బిరడా బిగిస్తే సీసా పేలవచ్చు. గాలి సోకితే వెనిగర్ అవుతుంది.

పోటీలో నాకు నచ్చినది నిర్ణేతల పద్ధతి. చేసినవారి పేరు తెలియకుండా రుచి చూసి, 50 మార్కులకు తూచి, గంధకపు వాసన వస్తున్నదనో, పులుపు మితిమీరినదనో కాగితం మీద వ్రాసి పంపుతారు. మన ఆవకాయకు చుట్టాలు ఇటువంటి తీర్పు చెప్పగలరా? లేహ్యాలు కాచే ఇళ్లకు ఈ మొహమాటం లేని పరీక్ష ఎంతో అవసరం.

అయితే పండ్ల నుండి పుట్టినది గనుక ఆరోగ్యకరమనే వాదాన్ని నేను అంగీకరించను. అరిష్టం మోతాదు 15 నుండి 30 మి.లీ., అదీ సమంగా నీరు కలిపి, భోజనానంతరం. సైడర్ గ్లాసులతో తాగేది. మద్యం ఉష్ణ తీక్ష్ణ గుణాలు కలది, పిత్తాన్ని ప్రకోపింపజేస్తుంది. మద్యంలో సురక్షితమైన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023 జనవరిలో ప్రకటించింది. గర్భిణులు, కాలేయ వ్యాధిగ్రస్తులు బహుమతి పొందిన సీసానైనా ముట్టరాదు.

మరొక మాట. అమెరికా ఫెడరల్ చట్టం ఇద్దరు పెద్దలున్న ఇంటికి సొంత వాడకం కోసం ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా అనుమతిస్తుంది, అమ్మరాదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. అక్కడి పుస్తకాలు చూసి ఇక్కడ కుండ పెట్టవద్దు. ద్రాక్షారిష్టం అవసరమైనవారు వైద్యుని సలహాతో లైసెన్సు గల ఔషధశాల తయారీనే కొనుక్కోవాలి. అందులో బెల్లం ఉంటుంది గనుక మధుమేహం ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.