రామదాసు పెట్టిన ఖర్చుల లెక్క

మోజార్ట్ ఎలాంటి మనిషో తెలియాలంటే ఆయన ఉత్తరాలు చదవాలి. 1778 జులై 3న పారిస్‌లో వాళ్లమ్మ చనిపోయింది. ఆ రాత్రే నాన్నకు ఉత్తరం రాస్తూ, అమ్మకి బాగా సీరియస్‌గా ఉందని మాత్రమే చెప్పాడు. అసలు సంగతి సాల్జ్‌బర్గ్‌లో ఉన్న ఫ్యామిలీ ఫ్రెండ్‌కి రాసి, నాన్నని కాస్త సిద్ధం చేయమన్నాడు. అప్పటికి ఆయన వయసు 22.

మరి మనవాళ్ల ఉత్తరాలో? చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ విన్నప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. రామదాసు దగ్గరికొచ్చేసరికి మాత్రం కీర్తనలే ఉత్తరాలు. గోల్కొండ జైల్లోంచి భద్రాచలానికి రాసినవి.

ఒకసారి ఆ భక్తి సినిమా ఎఫెక్టు పక్కన పెట్టండి. కంచర్ల గోపన్న తానీషా కాలంలో, అంటే 1672-87 మధ్య, పాల్వంచ పరగణా తహసీల్దారు. అశోక్‌నగర్ రూముల్లో మనోళ్లు రాత్రింబవళ్లు చదివేది ఇలాంటి ఉద్యోగాల కోసమే కదా! సర్కారు శిస్తు డబ్బుతో గుడి కట్టించాడని జైల్లో వేశారు. పన్నెండేళ్లు ఉన్నాడంటారు.

ఇప్పుడు 'ఇక్ష్వాకు కులతిలక' వినండి. అది మొత్తం ఖర్చుల లెక్క! భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకి చింతాకు పతకం... ఏది ఎంతైందో కూడా చెప్తాడు. చెప్తూ చెప్తూ ఉండగా కోపం వచ్చేస్తుంది. ఇవన్నీ మీ నాన్న చేయించాడా, మీ మామ పంపాడా అని రాముణ్నే నిలదీస్తాడు. వెంటనే తగ్గిపోతాడు. దెబ్బలు తట్టుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. కోపంగా మెసేజ్ కొట్టి, బ్లూ టిక్ చూడగానే సారీ పెట్టే మనకి ఇది కొత్త కాదు. ఆయనకి బ్లూ టిక్ కూడా రాలేదు.

ఇంకో కీర్తనలో రూటు మారుస్తాడు. రాముణ్ని వదిలేసి సీతమ్మని పట్టుకుంటాడు. ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు నా సంగతి కాస్త చెప్పు తల్లీ అని. బాస్ వినకపోతే మేడమ్ రికమండేషన్!

నాకు ఒక్కటే మింగుడు పడదు. ఆ శిస్తు కట్టింది రైతులు. పతకాల లెక్క పక్కాగా చెప్పిన మనిషి, ఆ కీర్తనలో వాళ్ల ఊసే ఎత్తడు. రామలక్ష్మణులు వచ్చి తానీషా బాకీ తీర్చారని కథ చెప్తుంది. డబ్బు ఖజానాకి చేరింది సరే, రైతుకి ఏం మిగిలిందో కథ చెప్పదు.

అయినా ఆ పాట వస్తే స్కిప్ చేయలేను. తిట్టి, భయపడి, బతిమాలే ఆ మూడు నిమిషాల్లో వాగ్గేయకారుడు కనపడడు. సెల్‌లో ఉన్న గోపన్నే కనపడతాడు. చిక్కడపల్లి నుంచి గోల్కొండ ఎంత దూరం? ఆ జైలు గది ఇప్పటికీ ఉంది, గోడ మీద రాముడి బొమ్మతో సహా. ఇయర్‌ఫోన్స్ మర్చిపోకండి.