సీరియల్ లైట్ల దేశభక్తి

దీపావళి దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో చైనాపై యుద్ధం మొదలవుతుంది. సీరియల్ లైట్లు కొనకండి, బొమ్మలు ముట్టుకోకండి, వాళ్ల నడుం విరుగుతుంది అని. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ఇది ఇంటింటి మాటయింది. టిక్‌టాక్ సహా 59 యాప్‌లను ప్రభుత్వమే నిషేధించింది. తీరా చూస్తే, 2020-21లో సుమారు 65 బిలియన్ డాలర్లున్న చైనా నుంచి మన దిగుమతులు 2024-25లో 113 బిలియన్లు దాటాయి.

నడుం ఎవరిది విరిగినట్టు?

చైనా నుంచి ఓడల్లో దిగేది ప్రధానంగా యంత్రాలు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు, రసాయనాలు. కొనేది మన ఫ్యాక్టరీలే. మందుల సంగతే చూడండి. మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్ (మందుల ముడిసరుకు) విలువలో సగానికి మించి చైనాదే. యాంటీబయాటిక్‌లకు ముడిసరుకైన పెన్సిలిన్-జి ఒకప్పుడు ఇక్కడా తయారయ్యేది. చైనా ధరకు తట్టుకోలేక ఆ ప్లాంట్లు మూతపడ్డాయి. చౌకగా వస్తోంది కదా అని అప్పుడు ఎవరికీ పట్టలేదు. పులియబెట్టి తీసే సరుకది. కరెంటు, ఆవిరి, చక్కెర చౌకగా దొరికి, భారీ ఎత్తున ఏళ్ల తరబడి నడిస్తే తప్ప గిట్టదు. దాన్ని తిరిగి మొదలుపెట్టడానికి 2020లో కేంద్రం ప్రోత్సాహక పథకం తేవాల్సి వచ్చింది, కాకినాడ దగ్గర ప్లాంటు 2024కి గానీ ప్రారంభం కాలేదు. ఫార్వర్డ్ మెసేజ్‌తో అయ్యే పనా ఇది?

పైగా బేరం ఒకవైపే లేదు. మన మిర్చికి పెద్ద గిరాకీ చైనాదే. అక్కడి కొనుగోళ్లు తగ్గితే గుంటూరు, ఖమ్మం యార్డుల్లో తేజ రకం మిర్చి ధర పడుతుంది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలూ అక్కడికి వెళ్తాయి, కోత, పాలిష్ లాభం వాళ్లకే మిగులుతుంది. రాళ్లూ మిరపకాయలూ పంపి యంత్రాలు తెచ్చుకోవడమే అసలు లోటు. బహిష్కరణవాదులు దాని ఊసెత్తరు.

సరుకు సంగతి అలా ఉంటే, పెట్టుబడికి వేరే గేటు. 2020 ఏప్రిల్‌లో చైనా సహా సరిహద్దు దేశాల పెట్టుబడికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. భద్రత దృష్ట్యా కొన్ని రంగాల్లో అది సబబే. కానీ విడిభాగాల ఫ్యాక్టరీకీ అదే తాళం వేస్తే ఏమవుతుంది? సరుకు వస్తూనే ఉంటుంది, ఉద్యోగమూ పనితనమూ అక్కడే ఉండిపోతాయి. చైనా తాను ఎదిగే రోజుల్లో విదేశీ కంపెనీలను పిలిచి, చాలా రంగాల్లో స్థానిక భాగస్వామితో కలిసే పని చేయమంది, పని నేర్చుకుంది. మెజారిటీ వాటా మనదిగా, మన ఇంజనీర్లకు శిక్షణ షరతుగా పెట్టి చైనా విడిభాగాల ఫ్యాక్టరీలను శ్రీసిటీ పారిశ్రామిక వాడకు రానివ్వడానికి అభ్యంతరం ఏమిటో బహిష్కరణవాదులే చెప్పాలి.